ఆడపిల్లల జట్టు కట్టడం మన సంఘం పనే
(షోలాపూర్ కార్మికుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పగారు, బోనసు మాట్లాడుకునే ఈ వేదిక మీద ఇవాళ మన ఆడపిల్లల గురించి మాట్లాడుతున్నాం. ఇది వేరే విషయం కాదు. మనం పన్నెండు గంటలు సాంచాల దగ్గర నిలబడితే ఇంటి పని ఎవరి మీద పడుతోంది? అమ్మ బీడీలు చుడుతుంటే లెక్క తగ్గకుండా పక్కన కూర్చుని ఆకు కత్తిరించేది ఎవరు? పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లే. ముందు బడి మానేదీ, తొందరగా పెళ్లయ్యేదీ ఆమే.

ఆ పిల్లకు బడి చదువు కావాలి. దానితోపాటు ఆలోచించి నిర్ణయం తీసుకోవడం, తడబడకుండా మాట్లాడటం, కాదనాల్సిన చోట కాదనడం, దుఃఖాన్ని తట్టుకోవడం కూడా రావాలి. వీటినే జీవన నైపుణ్యాలు అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే ఇలాంటివి పది చెప్పింది.

కేంద్ర ప్రభుత్వం 2010లో 200 జిల్లాల్లో 'సబల' పథకం పెట్టింది. అంగన్‌వాడీ దగ్గర 11 నుంచి 18 ఏళ్ల ఆడపిల్లలు 15 నుంచి 25 మంది ఒక జట్టు. జట్టుకు పెద్ద ఒక 'సఖి', ఆమెకు తోడు ఇద్దరు 'సహేలీ'లు. వాళ్లూ ఆ పిల్లల్లోవాళ్లే. ఆ బాధ్యత వంతులవారీగా మారాలన్నది నియమం. అంటే నోరున్న పిల్లకే కాదు, నోరు విప్పని పిల్లకూ వంతు వస్తుంది. మనం తీసుకోవలసింది ఇదే. ఉపన్యాసం వింటే నాయకత్వం రాదు, బాధ్యత చేతికిస్తే వస్తుంది.

ఆ పథకం 2018లో బడి మానేసిన 11-14 ఏళ్ల పిల్లలకే పరిమితమైంది. 2021-22 నుంచి 14-18 ఏళ్లవారికి మార్చారు గాని, వెనుకబడినవిగా ఎంపిక చేసిన జిల్లాలకూ ఈశాన్య రాష్ట్రాలకూ మాత్రమే. షోలాపూర్ ఆ జాబితాలో లేదు. కాబట్టి ప్రభుత్వాన్ని అడుగుతూనే మన పని మనం మొదలుపెట్టాలి.

మనకు చేతగాదా? కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ కాలనీని చూడండి. బీడీలు చుట్టే ఆడవాళ్లు సంఘం కట్టి పోరాడితే 2006లో పదివేల ఇళ్లు దక్కాయి. 1945లో ఠాణే జిల్లా వార్లీ ఆదివాసులను వెట్టిచాకిరి మీద కదిలించిన గోదావరీ పరుళేకర్ పేరే ఆ కాలనీకి పెట్టారు. ఆ తల్లుల ధైర్యం కూతుళ్లకు పదమూడో ఏటే అందాలి.

మేం చెప్పేది ఇది. ప్రతి ఆదివారం రెండు గంటలు సంఘం ఆఫీసు ఆడపిల్లలకు ఇద్దాం. సభ నడిపేది వాళ్లే, వంతులవారీగా. మాటలు తెలుగులో, అర్జీ మరాఠీలో. అమ్మ బీడీల లెక్క, నాన్న వారం పగారు, పీ.ఎఫ్. పుస్తకం చదవడం నేర్పుదాం. బ్యాంకుకూ రేషన్ ఆఫీసుకూ జట్టుగా పంపుదాం. నెలసరి, రక్తహీనత గురించి నర్సమ్మను పిలిచి సిగ్గు లేకుండా చెప్పిద్దాం. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరమనీ, ఆపడానికి 1098కి ఫోన్ చేయవచ్చనీ చెబుదాం. రేపు పనికి వెళ్లిన చోట ఎవరైనా చెయ్యి వేస్తే 2013 చట్టం ఉంది. పది మంది లేక అంతకు మించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. తక్కువుంటే జిల్లా కమిటీకి వెళ్లాలి. ఫిర్యాదు మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి.

అన్నలకు ఒక మాట. ఆ రెండు గంటలు పిల్లకు దొరకాలంటే ఇంట్లో నీళ్లు పట్టేది, చిన్నవాణ్ణి ఎత్తుకునేది కొడుకూ, మనమూ కావాలి. అది జరగకపోతే ఎన్ని తీర్మానాలు చేసినా ఆఫీసులో కుర్చీలు ఖాళీగానే ఉంటాయి.

మన కమిటీలో ఆడవాళ్లు ఎంతమంది అని రేపు ఆ పిల్లలే మనల్ని అడుగుతారు. అడగాలి. అడిగే కూతుళ్లుంటేనే సంఘం నిలుస్తుంది.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!