విదేశ విద్యార్థి దినచర్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



కమలాపురమున సాయంకాలము ఆరుగంటలై, పాపాఘ్ని యొడ్డున మేసిన పసులు ఇండ్లకు మరలు వేళకు, అమెరికా దేశమందలి బోస్టన్ నగరమున శీతకాలపు గడియారము ఉదయము ఏడున్నర చూపుచుండును. ఇచ్చట దీపము పెట్టు సమయము, అచ్చట విద్యార్థి పుస్తకములు చేతబట్టి బయలుదేరు సమయము. దీపము పెట్టిన తల్లి, “నా బిడ్డ ఇప్పుడేమి చేయుచుండునో” యని తలచుట సహజము. వానలు తప్పిన యేట సైతము పొలము తాకట్టుంచి బిడ్డను సముద్రము దాటించు కుటుంబములు నేడు మన సీమలో నున్నవి. ఆ బిడ్డ పంపు ఛాయాచిత్రములలో మంచు కనబడును, మేడలు కనబడును, దినము కనబడదు. ఆ కనబడని దినమును గూర్చియే యీ ప్రసంగము.

పరదేశమునకేగి విద్య నేర్చుట మనకు క్రొత్త గాదు. భారతము ఆదిపర్వమున కచుని కథ గలదు. మృతసంజీవని నేర్చుటకై దేవగురువు కుమారుడు దానవుల గురువగు శుక్రాచార్యుని యింట చేరెను. అతని దినచర్య యేమి? గ్రంథపఠన మొక్కటియే కాదు. గురువు ఆలమందను అడవికి తోలుకొనిపోవుట, సాయంకాలము మరల్చుకొని వచ్చుట, చెప్పిన పని యెల్ల చేయుట. దేవగురువు కుమారుడనని పసులకాపరితనమునకు సిగ్గుపడి యుండినయెడల అతనికి సంజీవని దక్కి యుండదు.

అట్టి కచుడొకడు మన తెలుగునాట నిజముగా జన్మించెను. అతడు ఎల్లాప్రగడ సుబ్బారావు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున బ్రాహ్మణ కుటుంబమున పుట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు మారులు తప్పి మూడవమారు కృతార్థుడయ్యెను. పరీక్ష తప్పిన బాలుని పనికిమాలినవాడని తిట్టు తండ్రులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు ధరించి, శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు గురియయ్యెను. అందువలన ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. సోదరులిద్దరు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే స్వల్పకాలములో మరణించిరి. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో ఉపాధ్యాయుడుగా నుండియు, ఆ వ్యాధుల మూలము కనుగొనవలెనను పట్టుదల అతనిని విడువలేదు. మామగారి ధనసాహాయ్యముతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ మాట యిచ్చిన యండతోను ఓడ యెక్కి, 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టన్ చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణదేశ వైద్యశాలలో విద్యార్థి యయ్యెను.

ఆ విద్యార్థి సామాన్యదిన మెట్టిదో చిత్తగింపుడు.

పగలు తరగతులు, ప్రయోగశాల. డిసెంబరు మాసమున బోస్టనులో సాయంకాలము నాలుగుంబావునకే సూర్యుడస్తమించును. ఎండలో పుట్టి పెరిగిన మనవానికి అచ్చటి చలి వేరొక పరీక్ష. తక్కిన విద్యార్థులు విశ్రమించు వేళకు సుబ్బారావు చేరువనున్న పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రికి రాత్రికూలికి పోయెడివాడు. అచ్చట అతని పని రోగుల మలమూత్ర పాత్రములను తీసి శుభ్రపరచుట. అతడు వైద్యము చదివినవాడు. మద్రాసున పదిమందికి పాఠము చెప్పినవాడు. రోగి నాడి పట్టదగిన చేతులతో రోగి పాత్రలు కడిగెను. తెల్లవారిన పిదప మరల తరగతి.

సభాసదులారా! ఏ పనిని మన గ్రామములలో ఒకరి తలపై మోపి, చేసినవారినే తక్కువవారుగా చూచితిమో, ఆ పనియే ఒక మహాశాస్త్రజ్ఞుని చదువునకు అన్నము పెట్టెను. పనికి మైలలేదు, మైల చూచువాని కన్నులలో నున్నది.

డిప్లొమా పొందిన పిమ్మట అతడు సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలసి జీవరసాయనశాఖలో పనిచేసెను. ఇచ్చటి దినమును కన్నులపండువైనది కాదు. రక్తము, మూత్రము మొదలగువానిలో భాస్వర మెంత గలదో తేల్చవలెను. ద్రవమునకు తగిన రసాయనములు చేర్చిన నీలివర్ణము పుట్టును. నీలి యెంత చిక్కనో భాస్వరమంత. పరిమాణము తెలిసిన ద్రవపు రంగుతో దానిని పోల్చి లెక్క కట్టుట. నేడు చేసినదే రేపును, రేపు చేసినదే యెల్లుండియు. ఆ విసుగులేని పనినుండి 1925లో వెలువడిన పద్ధతి “ఫిస్క్-సుబ్బారావు పద్ధతి” యను పేర ప్రపంచమెల్ల వ్యాపించెను. ఆ కొలమానముతోనే కండరములను శోధించి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును వారు లోకమునకు తెలిపిరి. నాగలి పట్టిన రైతు కండ శ్రమించునపుడు తరిగి, విశ్రమించునపుడు మరల పూరించుకొను శక్తినిధి యది. 1930లో సుబ్బారావునకు పిహెచ్.డి. లభించెను. బోస్టన్ చేరినది మొదలు ఎనిమిదేండ్ల దినములు దాని వెనుక నున్నవి.

1940లో అతడు లెడర్లీ ఔషధ ప్రయోగశాలలకు మారెను. 1945లో అతని నాయకత్వమున అచ్చటి శాస్త్రజ్ఞులు ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది మందయ్యెను. నేడు మన ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో గర్భిణీస్త్రీలకు ఇనుముతోబాటు ఇచ్చు మాత్రలో నున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. బోదకాలు వ్యాధికి ప్రభుత్వము పంచు డి.ఇ.సి. మాత్ర కూడ ఆ ప్రయోగశాలల కృషిఫలమే. బాలుర రక్తకాన్సరుపై ప్రయోగించిన అమినోప్టెరిన్ కూడ అట్టిదే. ఆ మాత్రలు మ్రింగువారిలో అతని పేరెరిగినవారు అరుదు. కచుని కథయు ఇట్లే ముగియును గదా! నేర్చిన విద్య నీకు ఫలింపకుండుగాకయని దేవయాని శపింపగా, నేను నేర్పినవారికి ఫలించునని కచుడు బదులు చెప్పెను.

అయితే లెక్కయన్న తరువాత జమ యొక్కటియే వ్రాసి ఖర్చు వ్రాయకుండుట న్యాయము గాదు. సుబ్బారావు 1919లో శేషగిరిని వివాహమాడెను. 1922లో ఆమెను వీడి పోయినవాడు మరల స్వదేశమునకు రాలేదు. 1948 ఆగస్టులో, యేబదిమూడవయేట, అమెరికాలోనే గుండెజబ్బుచే గతించెను. కచుడు తిరిగి యింటికి వచ్చెను, ఇతడు రాలేదు. లోకమునకు ముట్టిన లాభము గొప్పదే. కాని ఇరువదియారేండ్లు ఎదురుచూచిన యిల్లాలి పద్దు ఏ చిఠ్ఠాలోను చెల్లుపడలేదు. విద్యార్థి దినమునకు రెండు చోట్ల మూల్యము చెల్లింపబడుచుండును: ఒకటి అతడున్న చోట, రెండవది అతడు లేని చోట.

కావున బిడ్డలను పంపు పెద్దలు కొన్ని సంగతులు గ్రహింపవలెను. అమెరికాలో చదువు సాగునపుడు విదేశవిద్యార్థి సామాన్యముగా విశ్వవిద్యాలయ ప్రాంగణముననే, వారమునకు ఇరువది గంటలకు మించకుండ పనిచేయుటకు మాత్రమే అనుమతి గలదు. ఆ కూలితో తాకట్టు విడిపింపవచ్చునని లెక్క వేయుట తప్పు లెక్క. అప్పు భారము బిడ్డ నెత్తిన దినదినము మోపినచో అతడు చట్టము మీరును, లేదా నిజము దాచును. “ఎంత పంపెదవు” అను ప్రశ్నకు ముందు “ఈ దినము ఏమి తింటివి, ఎన్ని గంటలు నిదురించితివి” అని యడుగుడు. అతడు హోటలులో పాత్రలు కడిగితినని చెప్పిన, నలుగురిలో దాచవలసిన పని లేదు. సుబ్బారావు పేరు చెప్పి తల యెత్తుకొనవచ్చును.

బిడ్డలకును ఒక మాట. ఛాయాచిత్రముతోబాటు దినమును కూడ పంపుడు. పరీక్ష తప్పినను వ్రాయుడు. చలి పట్టినను వ్రాయుడు. ఇచ్చట దీపము పెట్టినవారు అచ్చటి తెల్లవారుటను చూడజాలరు. మీరు చెప్పినగాని వారికి తెలియదు.

ఈ గ్రంథాలయపు బల్లచెంత కూర్చుండి చదువు బాలురలో రేపు ఎవడు సముద్రము దాటునో ఎవరెరుగుదురు? పోయినవాడు విద్యతో వృద్ధిపొందుగాక! పోయినవానికి ఇంటిదారియు, ఇంటనున్నవారికి అతని క్షేమవార్తయు ఎన్నడును మూతపడకుండుగాక!

స్వస్తి.