సైనికవిధి: శిబిరవాసమా, గృహవాసమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



తెలుగున ‘పాళెము’ అను మాటకు పల్లె యనియు, దండు విడిసిన చోటనియు రెండర్థములు నిఘంటువులందు గలవు. ‘కటకము’, ‘స్కంధావారము’ అను సంస్కృత పదములును అట్టివే. సేన విడిసిన తావునకును, రాజధానికిని గూడ అవి చెల్లినవి. పాలెమను పేరుగల ప్రతి గ్రామమును ఒకనాటి దండు విడిదియే యని దీనివలన తేల్చుట సాహసమగును గాని, సైనికుని విడిదికిని గృహస్థుని ఊరికిని నడుమ గోడ మన పూర్వుల భాషలో మిక్కిలి పలుచనిదని మాత్రము చెప్పవచ్చును. యువకులందఱును కొంతకాలము సైన్యమున పనిచేయవలెనను చట్టమున్న దేశములలో ఆ గోడ ఎచట నుండవలెనను ప్రశ్న నేటికిని తీరలేదు. విధిలోనున్న యువకుడు శిబిరమునందే పండుకొనవలెనా? లేక పగలు పనిచేసి, రాత్రి తల్లి చేతి అన్నమునకు ఇల్లు చేరవచ్చునా?

భారతదేశమున నిర్బంధ సైనికసేవ లేదు గనుక ఇది మనకు పట్టని మాట యని కొందఱనవచ్చును. కాని తెలుగు జిల్లాలనుండి సింగపూరు పోయి స్థిరపడిన కుటుంబములు గలవు. అచటి చట్టము ననుసరించి పౌరులైన మగపిల్లలకును, తలిదండ్రుల మూలమున శాశ్వతనివాస హక్కు పొందిన మగపిల్లలకును ఈ విధి తప్పదు. మనవనిని పటాలములో చేర్చుకొన్నారని విని ఇచట నాయనమ్మలు, అమ్మమ్మలు బెంగపడుచుందురు. కావున కొంచెము వివరముగ విచారించుట యుక్తము.

సింగపూరు 1965 ఆగష్టు 9న స్వతంత్రమైనపుడు దానికున్నవి రెండే పదాతి పటాలములు. 1967 మార్చిలో జాతీయసేవా చట్టమును సవరించి పదునెనిమిదేండ్ల యువకులను పిలిచిరి. మొదటి తడవ సుమారు 9,000 మంది పేర్లు నమోదయినవి. అంతమందిని ఒక్కసారిగ ఇముడ్చుకొను శక్తి ఆ చిన్న సేనకు లేదు. కావున పదింట ఒకవంతు మాత్రమే పూర్తికాలపు సైనికులై ఆ యేటి ఆగష్టు 17 మొదలు శిబిరము చేరిరి. తక్కినవారు ప్రజారక్షకదళము, ప్రత్యేక పోలీసుదళము మున్నగువానిలో అల్పకాలిక సేవకు నియమింపబడిరి. వారు ఇండ్లయందుండియే తీరిక వేళల కవాతునకు పోయెడివారు. రెండు పద్ధతులును ఒకే యేట, ఒకే చట్టము క్రింద, కవలలవలె పుట్టినవి.

ఇప్పుడు పూర్తికాలపు సేవ రెండేండ్లు. 2004 డిసెంబరుకు ముందు కొందఱికి రెండున్నర యేండ్లుండెను. సైనికులగువారిలో పెక్కుమందికి ప్రథమశిక్షణ టెకోంగు అను దీవియందు జరుగును. చేరిన దినమున తలిదండ్రులును పడవలో వెంటపోయి, కుఱ్ఱడు పండుకొను గదిని, పడకను చూచి, సైనిక భోజనశాలలో భోజనముచేసి తిరిగివత్తురు. కన్నవారి కలతను తీర్చుటకు ఇంతకంటె తెలివైన యుపాయము ప్రభుత్వములకు తోచుట అరుదు. ఆపై కొన్ని దినములు ఇంటి ముఖము చూచుటకు వీలులేదు. తరువాత వారాంతమున ఇంటికి వచ్చుట, ఆదివారము చీకటిపడువేళ మరల సంచి సర్దుకొని పోవుట అలవాటగును.

అసలు చిక్కు శిక్షణ ముగిసినపిమ్మట మొదలగును. పదాతి దళములందలివారు శిబిరముననే యుందురు. కచ్చేరీ వ్రాతపనులు, ఉగ్రాణపు లెక్కలు చూచువారిలో పలువురు ఉదయము వచ్చి సాయంకాలము ఇల్లు చేరుదురు. ఆ దీవి తూర్పునుండి పడమరకు 50 కిలోమీటర్లకు మించదు. అందుచేతనే ఇది సాధ్యమగుచున్నది. రాజస్థానపు సరిహద్దున నున్న మన సైనికునికి ఇట్టి ప్రశ్నయే పుట్టదు.

శిబిరవాసమును సమర్థించువారి వాదమున పస గలదు. అర్ధరాత్రి పిలుపు వచ్చిన లేచి నిలువవలసినవాడు అచట లేకున్న నేమి ప్రయోజనము? అంతకంటె బలమైన కారణ మింకొకటి గలదు. చీనావాడు, మలయావాడు, తమిళుడు, తెలుగువాడు, ధనికుని కొడుకు, టాక్సీ నడుపువాని కొడుకు ఒకే కప్పు క్రింద, ఒకే విధమైన పరుపుపై పండుకొందురు. ఇంటికి పంపివేసినచో ప్రతి సాయంకాలమును ఒకడు తోటగల మేడకును, మఱియొకడు ఆర్గురు సర్దుకొను రెండుగదుల వాటాకును పోవును. పగలు కుదిరిన సమత్వము రాత్రికి చెదరిపోవును. ఈ వాదమునకు సరియైన సమాధానము గృహవాసపక్షమువారు చెప్పినట్లు కానరాదు.

అయినను వారి పక్షమునను న్యాయమున్నది. మంచమెక్కిన తండ్రికి ఒక్కడే కొడుకైనవాడు రాత్రి ఇంట నుండుట విలాసము కాదు. గృహవాసము ఉచితమును కాదు. రాకపోకలకు దినమునకు రెండు గంటలు పట్టునేని, నెలకు 22 పనిదినములకు 44 గంటలు బండిలో కూర్చుండుటకే వ్యయమగును. శిబిరముననున్నవాడు ఆ వేళను నిద్రకో, పుస్తకమునకో వినియోగించుకొనగలడు. కాని ఇంటినుండి వచ్చువానిని తోటివారు సైనికుడనక ఉద్యోగి యని ఎగతాళి చేయుట తఱచు. దక్షిణ కొరియాలో 1994 వఱకు ఇంటినుండి వచ్చిపోయిన ‘పాంగ్వి’ సైనికులును ఇట్లే నవ్వులపాలైరి. చిట్టా వ్రాయువాని చేత కత్తి లేదని చులకన చేయుట ఏ రాజ్యమునను క్రొత్త కాదు. ఉగ్రాణపు లెక్క తప్పిననాడు కత్తి పట్టినవానికి కూడు దొరకదు!

కౌటిల్యుడు అర్థశాస్త్రమున శిబిరమునందు కలహములను, మద్యపానమును, జూదమును నిషేధించి, ముద్రలేని రాకపోకలను కట్టడి చేసెను. ఆజ్ఞాపత్రము లేక సేననుండి మరలివచ్చు ఆయుధధారిని పట్టి బంధింపుమనెను. సెలవుచీటీ ఎంత పాతదో దీనివలన తెలియును. ఇక భారతమున అశ్వత్థామ రాత్రివేళ శిబిరముపైబడి నిద్రితులను వధించినపుడు, కృష్ణుని మాటపై వెలుపల నదీతీరమున నున్న పాండవులును సాత్యకియు బ్రదికిరి. దీనిని గృహవాసమునకు సాక్ష్యముగ తెచ్చువారుందురేమో! అచటి దోషము శిబిరమునది కాదు, ఏమఱుపాటుది.

మన దేశముననే ఈ రెండు పద్ధతులను స్వచ్ఛందముగ ఇమిడించిన సంస్థ యొకటి గలదు. 1949 అక్టోబరు 9న రాజగోపాలాచారిగారు ప్రారంభించిన ప్రాదేశికసేన, అనగా టెరిటోరియల్ ఆర్మీ, అది. అందు నగరదళములకు సెలవుదినములందును వారాంతములందును శిక్షణ నిచ్చి, ఏటికి కొలది దినములే శిబిరమున నుంచు పద్ధతి నేర్పఱచిరి. పల్లెలనుండి చేరిన ప్రొవిన్షియల్ దళములకు ఏటికి రెండునెలలు ఒక్క బిగిని శిబిరముననే శిక్షణ. వారమువారము పట్టణమునకు పోయివచ్చుట రైతుకు కుదరదు. పంటకును పంటకును నడుమ రెండునెలలు ఒక్కసారిగ తెగించి పోగలడు. ఈ విభాగమును చేసినవారికి పల్లె సంగతి తెలిసియుండవలెను.

ఇన్ని విచారించినమీదట, శిక్షణకాలమున అందఱును శిబిరముననే యుండుటయు, పిమ్మట చేయు పనినిబట్టియు ఇంటి యవస్థనుబట్టియు నిర్ణయించుటయు యుక్తమని తోచును. సింగపూరువారిది ఇంచుమించు ఇదే దారి. కాకున్న వారు ఇంటి యవస్థకంటె పనికే పెద్దపీట వేయుదురు.

రెండేండ్లతో వారి ఋణము తీరదు. ఆపై సామాన్య సైనికుని నలువదేండ్ల వయసువఱకు, అధికారిని ఏబదేండ్లవఱకు, ఏటికి 40 దినములకు మించకుండ మరల పిలువవచ్చును. ఆనాటికి ఇల్లనగా తల్లి యిల్లు కాదు, భార్యాబిడ్డల యిల్లు. కొన్ని దళములు వారిని రాత్రులందును ఉంచుకొనును, కొన్ని సాయంకాలము పంపివేయును. పిలుపు వచ్చినపుడు ఆ యింటి ఇల్లాలు మొదట అడుగు ప్రశ్న అదియే.