పొరుగు రాష్ట్రపు కారు: కొనువారును అమ్మువారును గమనింపవలసిన సంగతులు

(హొసకోటెలో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



వేదికపై నిలిచి ప్రసంగించుట మాకు అలవాటైన పని కాదు. ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, ఇరువది అయిదేండ్లుగా ఈ ఊరి బజారున ధాన్యపు అంగడి నడుపుకొనుచున్నవారము. మాకు తెలిసినవి తూకము, బేరము, ఖాతా. అయినను కార్యదర్శిగారు, కారు కొనదలచిన మనవారికి నాలుగు మాటలు చెప్పుడని కోరినప్పుడు కాదనలేకపోతిమి. ఈ విషయమున మేము పండితులము కాము. దెబ్బ తిన్నవారము. దెబ్బ తిన్నవాని మాట ఒక్కొక్కప్పుడు పండితుని మాట కంటె ఉపకరించును.

మన కుటుంబములు ఈ హొసకోటె, సూలిబెలె, నందగుడి ప్రాంతములకు తాత ముత్తాతల నాడే వచ్చి స్థిరపడినవి. 1956లో భాషను బట్టి రాష్ట్రములను పునర్వ్యవస్థీకరించిరి గాని, మన పెండ్లి సంబంధములకు సరిహద్దు లేదు. ఆడపడుచును మదనపల్లెకు ఇచ్చుచున్నాము, కోడలిని పలమనేరు నుండి తెచ్చుకొనుచున్నాము. కోలారు, ముళబాగిలు దాటినచో మన వారే. మనుష్యులకు లేని ఆ సరిహద్దు బండికి మాత్రము కలదు. ఈ సంగతి మరచుట వలననే చిక్కులన్నియు వచ్చుచున్నవి.

మొదట మా కథ చెప్పెదము. మా అంగడికి ఒక ఓమ్ని వ్యాను ఉండెడిది. 2014లో దానిని పుంగనూరులోని మా బావగారికి అమ్మితిమి. అమ్మితిమనుట కంటె, తాళపు చెవి చేతిలో పెట్టితిమనుట నిజము. ఆయన డబ్బు ఇచ్చెను, మేము పుచ్చుకొంటిమి. పేరు మార్పు కాగితములపై సంతకములు చేసి ఇచ్చితిమి. తేదీ వేయలేదు, కార్యాలయమున దాఖలు చేయలేదు. "బావగారి దగ్గర కాగితమేమిటి, చూచువారు నవ్వరా?" అనుకొంటిమి. ఆయనయు అటులనే తలచెను. ఒక సంవత్సరమునకు ఆయన దానిని మరియొకరికి అమ్మివేసెను. ఆ మూడవ చేతివారు బీమా కట్టలేదు.

2016లో ఆంధ్ర ప్రాంతపు న్యాయస్థానము నుండి మా పేర నోటీసు వచ్చెను. ఆ వ్యాను సైకిలుపై పోవుచున్న ఒక కూలివానిని గుద్దినదట. అతని కాలు విరిగినది. రిజిస్టరులో యజమాని పేరు మాది. మేము ఆ బండిని చూచి రెండేండ్లయినది. అయిననేమి, రామేశ్వరము పోయినను శనైశ్చరము తప్పలేదు. వ్యాజ్యము నడచుచుండగనే, 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల వ్యాజ్యమున స్పష్టముగా తీర్పు చెప్పినది. బండి ఎన్ని చేతులు మారినను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమాని. పరిహారము వారిదే బాధ్యత. మా వకీలు ఆ తీర్పు చదివి వినిపించి, ఇక చెప్పుకొనుటకేమియు లేదనిరి.

పరిహారము మేమే చెల్లించితిమి. సగము బావగారు సమకూర్చిరి గాని, మూడు సంవత్సరములు మా యిండ్ల నడుమ మాటలు లేవు. ఆయన కుమార్తె పెండ్లికి మా యింటినుండి ఎవరును పోలేదు. అంతకంటె బాధాకరమైనది మరియొకటి. మేము, బావగారు, మూడవ చేతివారు ఒకరిపై నొకరు వేలు చూపుకొనుచున్నంత కాలము, ఆ కూలివాడు మంచమున పడి పరిహారమునకై ఎదురు చూచెను. న్యాయస్థానమున అతనిని ఒక్క పర్యాయమే చూచితిమి. కఱ్ఱ ఊని నిలిచి మాకు నమస్కరించెను. ఆ నమస్కారము నేటికిని మమ్ము వదలలేదు. కాగితము వ్రాయించుకొనుట బంధువును అనుమానించుట కాదనియు, మనము ఎన్నడు చూడని వానికి కూడ అది రక్షణయనియు నాడు తెలిసికొంటిమి.

ఇక చట్టము సంగతి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, కారు ఎక్కడ సాధారణముగా ఉంచబడునో, యజమాని ఎక్కడ నివసించునో లేక వ్యాపారము చేయునో, అక్కడ రిజిస్టరు కావలెను. ఒక రాష్ట్రపు బండి మరియొక రాష్ట్రమున 12 నెలలు మించి యున్నచో క్రొత్త నంబరునకు దరఖాస్తు చేయవలెను. పన్ను విషయము వేరు. అది ఆ యా రాష్ట్రములు విధించునది. పన్నెండు నెలలు ఆగవచ్చునని ధైర్యముతో కూర్చుండరాదు. బండి వచ్చిన వెంటనే ఆర్.టి.ఓ. కార్యాలయమున విచారించుట మేలు.

అమ్మువాడు ఒకే రాష్ట్రములోనైనచో 14 దినములలో, రాష్ట్రము దాటినచో 45 దినములలో అమ్మకమును తెలియజేయవలెను. కొనువాడు 30 దినములలో తెలుపవలెను. దీనికి 29, 30 నంబర్ల ఫారములు. రాష్ట్రము దాటు బండికి 28వ నంబరు ఫారముతో ఎన్.ఓ.సి. అనబడు నిరభ్యంతర పత్రము మొదట పొందవలెను. అది ఇచ్చుటకు ముందు బండిపై దొంగతనపు కేసు లేదని పోలీసు నివేదిక తెప్పింతురు, పన్ను బాకీలు చూతురు. బ్యాంకు అప్పుపై కొన్న బండి అయినచో, అప్పు తీరినట్లు బ్యాంకువారి పత్రమును, 35వ నంబరు ఫారమును జతపరచవలెను. ఈ పత్రములు చేతికి రాకముందే సొమ్మంతయు చెల్లించుట అవివేకము. కొంత సొమ్ము నిలిపి ఉంచుకొనుడు. మన బజారున సరుకు తూచక ముందు పూర్తి డబ్బు ఎవరిత్తురు?

పొరుగు రాష్ట్రపు కారు చౌక అని పలువురు చెప్పుదురు. చౌకయే, కాని లెక్క పూర్తిగా వేయవలెను. కర్ణాటకమున కారుపై జీవితకాలపు పన్ను దేశమున హెచ్చైన వానిలో నొకటి. క్రొత్త కారుకు ధరను బట్టి నూటికి 13 మొదలు 18 వరకు, దానిపై సెస్సు. పాత బండికి వయస్సును బట్టి తగ్గింపు కలదు. అయినను లెక్క మీరు అమ్మకందారునకు ఇచ్చిన మొత్తముపై కాదు, కారు తొలి ధరపైని. పూర్వ రాష్ట్రమున చెల్లించిన పన్నులో మిగిలిన కాలమునకు తగిన భాగమును తిరిగి పొందు పద్ధతి కలదు గాని, క్రొత్త రిజిస్ట్రేషను రుజువు చూపి, తిరిగి తిరిగి పొందవలసినది. కావున ధరలో ఏబది వేలు మిగిలినవని సంతోషించుటకు ముందు పన్నును, రాకపోకల ఖర్చును, పోయిన పనిదినములను కూడి చూచుకొనుడు.

దేశమంతట చెల్లు "బి.హెచ్." నంబరు 2021 సెప్టెంబరు నుండి వచ్చినది గదా యని కొందరు అడుగుచున్నారు. అది ప్రభుత్వోద్యోగులకు, సైన్యములోనివారికి, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రములలో కార్యాలయములున్న ప్రైవేటు కంపెనీల ఉద్యోగులకు ఉద్దేశింపబడినది. మన వంటి అంగడివారికి వర్తింపదు. మన పిల్లలు బెంగళూరున అట్టి కంపెనీలలో పనిచేయుచున్నచో వారు విచారింపవచ్చును.

క్రొత్తదా, పాతదా? 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న కార్లపై జి.ఎస్.టి. నూటికి 28 నుండి 18కి తగ్గినది. అంతకు ముందున్న పరిహారపు సెస్సును తొలగించిరి. నాలుగు మీటర్లు మించని పొడవు, పెట్రోలుకు 1200, డీజిలుకు 1500 సి.సి. మించని యంత్రము గలవి ఈ తరగతివి. కావున ఒకటి రెండేండ్లు మాత్రమే నడచిన చిన్న కారుకు క్రొత్తదానికి దగ్గరగా ధర అడిగినచో, క్రొత్త కారు అంగడికి కూడ ఒకమారు పోయి అడిగి రండు. నిదానమే ప్రధానము.

పాత కారును పరీక్షించుటలో మేము పాటించు పద్ధతి చెప్పెదము. ఉదయము యంత్రము చల్లగా నున్నప్పుడు పోవలెను. ముందుగనే వేడి చేసి ఉంచిన యంత్రము తన జబ్బును దాచుకొనును. ఛాసిస్ నంబరును, ఇంజను నంబరును ఆర్.సి.తో అక్షరమక్షరము సరిచూడవలెను. టైరు ప్రక్కన నాలుగంకెలు ఉండును. 2319 అన్నచో 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము. కారు ముప్పది వేల కిలోమీటర్లే నడచినదని చెప్పుచు, నాలుగు టైర్లు మార్చి యున్నచో, ఎందుకని అడుగవలెను. సర్వీసు పుస్తకములోని అంకెలతో మీటరును పోల్చవలెను.

వరద బండ్ల విషయమున మిక్కిలి జాగ్రత్త అవసరము. 2015 డిసెంబరులో చెన్నపట్టణము, 2022 సెప్టెంబరులో మన బెంగళూరు తూర్పు ప్రాంతము, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ నీట మునిగినవి. కార్లు కూడ మునిగినవి. అట్టి బండ్లు కడిగి మెరుగు పెట్టబడి దూరపు సంతలకు చేరుట కద్దు. సీటు బెల్టును చివరివరకు లాగి చూడుడు. లోపలి భాగమున బురద చార కనబడును. కాలి క్రింది తివాసి ఎత్తి వాసన చూడుడు. సీటు క్రింది మేకులు త్రుప్పు పట్టినవేమో చూడుడు. ఢిల్లీ నుండి వచ్చు బండ్లు వేరొక తరగతి. పదేండ్లు దాటిన డీజిలు బండ్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లను అక్కడ నడుపరాదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలును, 2018లో సుప్రీంకోర్టును ఆదేశించినవి. అందుచే అచ్చటి బండ్లు దక్షిణమునకు దిగివచ్చినవి. వానిలో మంచివి లేవని కాదు. చౌక ఎందుకో తెలిసి కొనవలెనని మా మనవి.

బీమా విషయము రెండు మాటలు. ఇతరులకు కలుగు హానికి బీమా లేనిదే బండి రోడ్డెక్కరాదు. కొన్న 14 దినములలో బీమాను మీ పేరునకు మార్పించుకొనుడు. లేనిచో మీ సొంత కారుకు నష్టము కలిగిననాడు కంపెనీ చేతులెత్తివేయును. మునుపటి యజమానికి క్లెయిము లేనందులకు వచ్చిన తగ్గింపు ఆయనదే గాని, కారుతో మీకు రాదు.

విదేశములందున్న మన పిల్లలకును ఇదే నీతి. అమెరికాలో ప్రతి కారుకు టైటిల్ అను యాజమాన్య పత్రము ఉండును. తీవ్రముగా దెబ్బ తిన్న కారు టైటిల్‌పై "సాల్వేజ్" అని ముద్ర పడును. అచ్చట పాత కారు అమ్ము వర్తకుడు కిటికీకి ఒక వివరపత్రము అంటింపవలెనను నిబంధన 1985 నుండి ఉన్నది. "ఉన్నది ఉన్నట్లు" అని అందున్నచో తరువాతి మరమ్మతులు కొన్నవానివే. ఇంగ్లండులో మూడేండ్లు దాటిన కారుకు ఏటేట ఎం.ఓ.టి. పరీక్ష జరుగును, పాత పరీక్షల ఫలితములు ఎవరైనను ఉచితముగా చూడవచ్చును. క్రొత్తగా పోయిన పిల్లవానికి అచ్చట అప్పు చరిత్ర ఉండదు గావున వడ్డీ హెచ్చుగా అడుగుదురు. తెలుగువాడే గదా అమ్ముచున్నాడని పత్రము చూడక కొనవద్దని ఫోనులో చెప్పుడు. మేము బావగారి విషయమున చేసిన తప్పు వారు సముద్రము దాటి చేయనక్కరలేదు.

తుదకు ఒక మనవి. ఆర్.టి.ఓ. కార్యాలయపు కాగితములు కన్నడమునను, ఇంగ్లీషునను ఉండును. మన పెద్దలలో తెలుగు తప్ప చదువలేనివారు ఏజెంటు చూపిన చోటనెల్ల సంతకము పెట్టుచున్నారు. ఖాళీ ఫారముపై సంతకము ఖాళీ చెక్కుతో సమానము. కన్నడ అక్షరములు మన అక్షరములకు తోబుట్టువులు; పది దినములు కూర్చున్నచో ఎవరికైనను వచ్చును. మనకు అన్నము పెట్టు నేల భాష చదువగలుగుట మన తెలుగునకు లోటు కాదు. అంతవరకు, ఎవరికైనను సందేహమున్నచో ఆదివారము సాయంకాలము మా అంగడికి కాగితములతో రండు. చదివి చెప్పుదుము. కాఫీ కూడ ఇత్తుము, ప్రతిఫలమేమియు అక్కరలేదు.

గత సంవత్సరము మా బావగారు మరల మా వద్ద ఒక పాత కారు కొనిరి. ఈ మారు ఆయనయే ముందుగా, "ఎన్.ఓ.సి. వచ్చిన తరువాతనే తాళము ఇయ్యి బావా" అనిరి. ఇద్దరము కలిసి కార్యాలయమునకు పోతిమి. కాగితములు పూర్తియైన నాడు వారి యింట భోజనము చేసితిమి. ఇంతకాలమునకు ఆ యింట అన్నము తిన్నది ఆనాడే.