మంత్రివర్గము: అధికారము, హద్దులు



మంత్రి యనగా నెవరో పలనాటి ప్రజలకు రాజ్యాంగ గ్రంథములు నేర్పనక్కరలేదు. గురజాల సింహాసనమున నలగామరాజు కూర్చుండగా, రాజ్యము నాయకురాలు నాగమ్మ మాటమీద నడచినదని వీరచరిత్ర చెప్పుచున్నది. ఆ కథ కారెంపూడి రణరంగమున ముగిసినది. ముద్ర యొకరిది, శక్తి మరియొకరిది యగుట ఎల్ల దేశములందును ఉన్నదే. ఆ శక్తిని నిలిపి ప్రశ్నించువారు ఎవరన్నదే అసలు సంగతి.

బ్రిటనులో రాజుగారి అధికారము క్రమక్రమముగా మంత్రుల చేతికి వచ్చినది. 1721లో పదవికి వచ్చిన వాల్‌పోలును తొలి ప్రధానమంత్రిగా లెక్కింతురు. ఆ పదవిని సృష్టించిన శాసనము లేదు. అలవాటే దానిని నిలిపినది. మంత్రులను ఎంచుట, తొలగించుట, మంత్రివర్గ సమావేశమున ఏ విషయము చర్చకు రావలయునో నిర్ణయించుట ప్రధాని చేతిలోనివి. ఆయనను సమానులలో ప్రథముడందురు. ప్రథముడన్న మాట అధికారమును చెప్పును. సమానులన్న మాట హద్దును చెప్పును. మూడు సార్వత్రిక ఎన్నికలు గెలిచిన మార్గరెట్ థాచరు 1990లో పదవి విడిచినది ప్రజలు ఓడించుటచేత కాదు. సహచర మంత్రులు ఒక్కొక్కరే వచ్చి, పార్టీ నాయకత్వపు పోటీలో ఇక గెలుపు లేదని చెప్పుటచేతనే.

భారత రాజ్యాంగము ఈ మార్గమునే అనుసరించినది. కార్యనిర్వాహక అధికారము రాష్ట్రపతి పేర నున్నది. 74వ అధికరణము ప్రకారము ప్రధాని నాయకత్వమున మంత్రిమండలి ఆయనకు సలహా చెప్పును. 75వ అధికరణము ప్రకారము ఆ మండలి యంతయు కలిసి లోకసభకు బాధ్యత వహించును. గ్రంథాలయ కార్యవర్గమును చూచినవారికి ఇది సులభముగా బోధపడును. కార్యదర్శి ఎంత సమర్థుడైనను, సభ్యులు కూర్చుండి చర్చించి, తీర్మానముల పుస్తకమున వ్రాసినదే కార్యవర్గ నిర్ణయము. పని ముగిసిన పిమ్మట సంతకములు సేకరించుట తీర్మానము కాదు.

ఈ భేదము ఎంత పెద్దదో నరసరావుపేట ప్రాంతమున 1909లో జన్మించిన కాసు బ్రహ్మానందరెడ్డిగారి జీవితమున కానవచ్చును. 1964 ఫిబ్రవరి నుండి 1971 సెప్టెంబరు వరకు వారు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి. 1967 ఆగస్టులో నాగార్జునసాగరము కాలువలకు నీరు వదలినది ఆ కాలముననే. ఒక కాలువ పొలమునకు చేరవలెనన్న ఆర్థికశాఖ సొమ్ము చూపవలయును, రెవిన్యూశాఖ భూమి సేకరింపవలయును, ఇంజనీర్లు త్రవ్వింపవలయును, శాసనసభ పద్దు ఆమోదింపవలయును. ఇన్ని చేతులను ఒక్క పనిమీదికి మరల్చుటయే ముఖ్యమంత్రి బలము.

1974లో వారు కేంద్ర హోంమంత్రియైరి. మరుసటి యేడు జూన్ 12న ప్రధాని ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదని అలహాబాదు హైకోర్టు తీర్పు చెప్పినది. జూన్ 25 రాత్రి హోంమంత్రిని ప్రధాని నివాసమునకు పిలిపించిరి. 1971 నాటి అత్యవసర పరిస్థితి అప్పటికిని అమలులో నున్నది గనుక ఆ అధికారములే చాలునని తాము చెప్పినట్లు వారు పిమ్మట షా కమిషను ఎదుట తెలిపిరి. అది చాలదని ప్రధాని నిశ్చయించగా, రాష్ట్రపతికి పంపవలసిన లేఖపై వారు సంతకము చేసిరి. మంత్రివర్గము మాత్రము ఆ రాత్రి సమావేశము కాలేదు. 1961 నాటి ప్రభుత్వ వ్యవహార నియమములలో 12వది ప్రధానికి మినహాయింపు నిచ్చుచున్నది. దానినే ఆధారము చేసికొనిరి.

మంత్రులు కూడినది మరునాటి ఉదయము ఆరు గంటలకు. అప్పటికే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మదు సంతకము పడినది. నాయకుల అరెస్టులు జరుగుచుండెను. ఢిల్లీలో పెక్కు పత్రికల ముద్రణాలయములకు విద్యుత్తు నిలిచిపోయినది. మంత్రులు ఆమోదించిరి, ఎదురు చెప్పినవారు లేరు. అడుగు హక్కు వారికి లేకపోలేదు. అడుగవలసిన వేళ దాటిపోయినది. అత్యవసర పరిస్థితి 1977 మార్చి 21 వరకు సాగినది.

ఆ రాత్రి నేర్పిన పాఠమును 1978 నాటి 44వ సవరణ రాజ్యాంగములో వ్రాసినది. కేంద్ర మంత్రివర్గ నిర్ణయము లిఖితపూర్వకముగా అందనిదే రాష్ట్రపతి 352వ అధికరణము క్రింద ప్రకటన చేయరాదు. పార్లమెంటు ఉభయసభలు ఒక నెలలోగా ప్రత్యేకాధిక్యముతో ఆమోదింపనిచో ఆ ప్రకటన నిలువదు. "ఆంతరంగిక కల్లోలము" అను విశాలమైన మాటకు బదులు "సాయుధ తిరుగుబాటు" అను మాట చేరినది. అంతవరకు అలవాటుగా నున్న మంత్రివర్గము అను పదము ఈ విధముగ రాజ్యాంగమున అక్షరరూపము దాల్చినది.

అయినను కాగితముమీది నియమము కావలివాని చేతి కఱ్ఱ వంటిది. కావలివాడు నిద్రించినచో కఱ్ఱ దొంగను అడ్డదు. మంత్రి ప్రధానిని అడుగవలయును, సభ మంత్రిని అడుగవలయును, పౌరుడు సభ్యుని అడుగవలయును. అడుగుటకు ముందు తెలిసియుండవలయును. పత్రికలు మూగవోయిన నాడు పల్లెలో దినపత్రిక చదువుకొను బల్ల విలువ ఎంతటిదో ఆ ఇరువది యొక్క నెలలు తెలిపినవి. ఇరువదియైదేండ్లుగా అట్టి బల్లను నిలిపిన గ్రామము తన వంతు కావలి కాచినట్లే. ఆ కావలి మున్ముందును సాగుగాక!