సగ్గుబియ్యం కాదు, గుడ్లు!

నేను డాలస్‌లో ఉంటాను, వృత్తి ఐటీ కన్సల్టింగ్. ఇవాళ చెప్పబోయేది వీసాల సంగతి కాదు, మా ఇంటి నీళ్ళతొట్టెలో ఉన్న ఆక్సలాటల్స్ సంగతి.

2021లో మైన్‌క్రాఫ్ట్ ఆటలోకి ఈ జీవి వచ్చాక చాలామంది పిల్లల్లాగే మా అమ్మాయీ పట్టుబట్టింది. రెండు తెచ్చాం. ఫోన్లో చూసి గుంటూరు నుంచి మా అమ్మ, "ఇంట్లో బల్లులు చాలక డబ్బులు పోసి కొన్నావుట్రా?" అంది. బల్లి కాదమ్మా, కప్పకు దూరపు చుట్టం అన్నాను. మెక్సికో సిటీలోని సొచిమిల్కో కాలువలు దీని పుట్టిల్లు. పెద్దదయ్యాక కూడా మొప్పలు పోవు, జీవితమంతా నీళ్ళలోనే.

రెండూ ఆడవే అన్నారు అమ్మినవాళ్ళు. మేం నమ్మి ఒకే తొట్టెలో ఉంచాం. ఏడాదిన్నర తర్వాత నేను క్లయింట్ దగ్గర ఉండగా మా ఆవిడ ఫోను: "ఏమండీ, తొట్టె నిండా సగ్గుబియ్యం పోసినట్టుంది!" అవి గుడ్లు. మూడు వందల దాకా ఉన్నాయి. ఒక్కోసారి వెయ్యి కూడా పెడుతుందట.

రెంటినీ ఒకేచోట కొన్నాం కనుక అవి తోబుట్టువులే కావచ్చు. అలాంటి జతకు పుట్టే పిల్లలు బలహీనంగా ఉండే ప్రమాదం ఎక్కువ. పైగా అన్నిటినీ ఎవరు పెంచుతారు? గుడ్లను తొలిరోజుల్లోనే ఫ్రీజర్లో పెట్టేయడం మేలని తెలిసినవాళ్ళు చెప్పారు. మా అమ్మాయి ఏడ్చింది. "అడవిలో ఇవి అంతరించిపోతున్నాయిగా నాన్నా, మనం కాపాడాలిగా?" అంది. పెంపుడు ఆక్సలాటల్స్ చాలావరకు 1860లలో పారిస్ చేరినవాటి సంతతి. ప్రయోగశాలల్లో తరతరాలుగా పెరిగి, వేరే జాతి సలమాండర్ రక్తం కూడా కలిసింది. వీటిని తీసుకెళ్ళి సొచిమిల్కోలో వదలకూడదు. మనం పిల్లల్ని చేయిస్తే అది మన సరదాకే. ఈ మాట చెప్పడం నాకూ కష్టమైంది.

రెండోసారి పద్ధతిగా మొదలుపెట్టాం. మొదలుపెట్టాలనుకునేవాళ్ళు ఇవి గుర్తుంచుకోండి.

ముందు మీ రాష్ట్రం చట్టం చూడండి. కాలిఫోర్నియాలో వీటిని పెంపుడు జంతువులుగా ఉంచుకోకూడదు. ప్రాజెక్టు మారి బే ఏరియా వెళ్ళాల్సొస్తే వెంట తీసుకెళ్ళలేరు.

తొట్టె సిద్ధమవడానికి నెలా రెండు నెలలు పడుతుంది. పరీక్షిస్తే నీళ్ళలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. చల్లదనం 60 నుంచి 68 డిగ్రీల ఫారెన్‌హీట్. డాలస్ ఎండల్లో ఏసీ ఒక్కటే చాలదు, నీటిని చల్లబరిచే చిల్లర్ కొన్నాం. గులకరాళ్ళు వేయకండి, మింగేస్తాయి.

ఆడది ఏడాదిన్నర నిండాకే జత కట్టనివ్వండి. మగది వేరే చోటినుంచి తెచ్చినదై ఉండాలి. గుడ్లు పెట్టగానే వేరు చేసి, ఆడదానికి కనీసం ఆరు నెలలు విశ్రాంతి ఇవ్వండి.

గుడ్లు రెండు మూడు వారాల్లో పొదుగుతాయి. పిల్లలు కదిలే ఆహారమే తింటాయి. రోజూ ఉప్పునీళ్ళలో చిన్న బ్రైన్ ష్రింప్ పొదిగించి రెండు పూటలా వేయాలి, నీళ్ళు మార్చాలి. కాస్త పెరిగాక ఒకదాని కాళ్ళు ఒకటి కొరుకుతాయి. కాళ్ళు మళ్ళీ మొలుస్తాయి గానీ, పిల్లల్ని విడివిడిగా ఉంచడమే మంచిది. సోమవారం ఫ్లైటెక్కి గురువారం దిగే నాలాంటివాళ్ళు ఈ చాకిరీ ఎవరి మీద పడుతుందో ముందే ఇంట్లో అడగండి. నేను అడగలేదు, తర్వాత మాటలు పడ్డాను.

ఈసారి గుడ్లు ఎన్ని ఉంచాలో మా అమ్మాయే తేల్చింది. తొట్టె సిద్ధంగా ఉన్న స్నేహితుల పేర్లు కాగితం మీద రాసింది. తొమ్మిది వచ్చాయి. ఒకటి రెండు దక్కకపోవచ్చని పన్నెండు గుడ్లు ఉంచి, మిగతావి తనే ఫ్రీజర్లో పెట్టింది. పది బతికాయి. తొమ్మిది ఆ ఇళ్ళకు వెళ్ళాయి, పదోది మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మ ఇప్పుడు ఫోన్ చేస్తే మొదట అడిగేది, "బల్లి తిందా?" అని. సెలవు.