ఎడిన్‌బరోలో మా మనవరాలు

(పింఛనుదారుల దినోత్సవం సందర్భంగా వికారాబాద్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నకారా కేసులో సుప్రీంకోర్టు 1982 డిసెంబరు 17న ఇచ్చిన తీర్పు గురించి, మన బకాయిల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శి గారు నాకు పావుగంట సమయమిచ్చి "మీ మనవరాలు విదేశంలో చదివింది గదా, ఆ సంగతులు చెప్పండి, చాలామందికి పనికొస్తాయి" అన్నారు. నిజమే. ఒకప్పుడు మనలో ఇద్దరు కలిస్తే పే ఫిక్సేషన్ గురించి మాట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడు వీసాల గురించి మాట్లాడుకుంటున్నాం. నేను విదేశం చూసినవాణ్ణి కాను. నేను చెప్పబోయేదంతా ఫోనులో విన్నదీ, కాగితాల మీద చూసిందీ మాత్రమే. అందులో నా తప్పు కూడా ఒకటున్నది. అది చెప్పకుండా తక్కినవి చెబితే మీకు పనికిరావు.

మా మనవరాలు తాండూరులో పుట్టి పెరిగింది. తాండూరంటే మీకు తెలుసు, నాపరాయి. ఇంట్లో నేల నాపరాయి, ప్రహరీ నాపరాయి, బడికి పోయే దారి పక్కన గనుల నుంచి తీసిన ముక్కల గుట్టలు. ఆ పిల్ల చిన్నప్పటి నుంచి "తాతా, ఈ బండ ఇంత సాపుగ ఎట్ల పొరలు పొరలుగ వచ్చింది?" అని అడిగేది. నేను చెప్పగలిగింది "దేవుడు పేర్చిండు బిడ్డా" అని మాత్రమే. ఆ జవాబు సరిపోక హైదరాబాద్‌లో భూగర్భశాస్త్రం చదివింది. ఏడాది ఉద్యోగం చేసి, పై చదువుకు స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుంది. ఆ ఊరే ఎందుకంటే, భూగర్భశాస్త్రానికి పితామహుడని పేరు పొందిన జేమ్స్ హట్టన్ 1726లో పుట్టిందీ, 1797లో చనిపోయిందీ ఆ ఊళ్ళోనే. మన మెదక్ వాళ్ళకు చర్చి ఎట్లాగో రాయి చదివేవాళ్ళకు ఆ ఊరు అట్లా.

ఆ ఊరికీ మన హైదరాబాద్‌కీ ఒక పాత సంబంధం కూడా ఉన్నది. సరోజినీ నాయుడు తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ గారు డాక్టరేటు పుచ్చుకున్నది ఎడిన్‌బరోలోనే. తరవాత హైదరాబాద్ వచ్చి, నిజాం కళాశాలకు మూలమైన కళాశాల నడిపారు. ఆయన కూతురు 1895లో, 16 ఏళ్ళ వయసులో, నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో ఇంగ్లండుకు ఓడెక్కింది. మా పిల్లకు నిజాం లేడు గనుక బ్యాంకు అప్పు, వికారాబాద్‌లో నా పేర ఉన్న ప్లాటు తనఖా.

ఇక కాగితాలు. 2022లో వీసాకు ఫీజు బాకీ కాక, లండను బయట చదివేవాళ్ళు నెలకు 1,023 పౌండ్ల చొప్పున 9 నెలల ఖర్చు, అంటే 9,207 పౌండ్లు చూపించాలన్నారు. అప్పటి మారకంలో ఎనిమిదిన్నర లక్షల పైమాటే. ఆ తరవాత ఆ మొత్తం పెంచారు, కాబట్టి ఇప్పుడు పంపేవాళ్ళు కొత్త లెక్క చూసుకోవాలి. బ్యాంకు అప్పు పోను మిగతాది నేను ఇద్దామనుకుంటే, ఆ డబ్బు విద్యార్థి ఖాతాలోగానీ తల్లిదండ్రుల ఖాతాలోగానీ 28 రోజులు కదలకుండా ఉండాలి, తాత ఖాతా చెల్లదన్నారు. కొడుకు ఖాతాకు మార్చి, 28 రోజులు రోజుకోసారి పాసుబుక్కు ముట్టుకుంటూ కూర్చున్నాను. క్షయ లేదని పరీక్ష చేయించుకోవాలంటే మా ఆవిడ భయపడింది. మన అనంతగిరి శానిటోరియం చూసిన తరం గదా మాది, క్షయ అన్న మాట ఇంట్లో అననిచ్చేవాళ్ళు కాదు. హైదరాబాద్‌లో ఛాతీకి ఎక్స్‌రే తీసి, సర్టిఫికెట్ ఇచ్చి పంపారు, అంతే.

పెట్టె సర్దుడు మరో ప్రహసనం. తాండూరు కందిపప్పు 5 కిలోలు పెట్టాం. (ఆ ఏడాది చివరనే మన కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మా ఇంట్లో అంతకు ముందే ఉన్నది.) నెయ్యి డబ్బా మాత్రం బయటికి తీయవలసి వచ్చింది. పాలతో చేసినవీ మాంసంతో చేసినవీ ఆ దేశంలోకి రానివ్వరు. డబ్బా తీసిన ఖాళీలో మా ఆవిడ పాత చీరెలతో కుట్టిన బొంత కుక్కింది. "అంత పెద్ద దేశంల దుప్పట్లు దొరకవా నానమ్మా" అని పిల్ల నవ్వింది. ఆ బొంత సంగతి మళ్ళీ వస్తుంది.

2022 సెప్టెంబరు 10, శనివారం నాడు ఎడిన్‌బరోలో దిగింది. అంతకు రెండు రోజుల ముందే, 8వ తేదీన, రెండో ఎలిజబెత్ రాణి అదే స్కాట్లండులోని బాల్మోరల్‌లో కన్నుమూసింది. 11న రాణి శవపేటికను రోడ్డు దారిన ఎడిన్‌బరోకు తెచ్చి హోలీరూడ్ రాజభవనంలో ఉంచారు. 12న రాయల్ మైల్ అనే పాత వీధి గుండా ఊరేగింపుగా సెయింట్ జైల్స్ చర్చికి తీసుకుపోయారు. కొత్త రాజు చార్లెస్ వెనక నడిచాడు. టీవీలో చూస్తూ మేము "మన పిల్ల ఈ గుంపుల ఎక్కడుందో" అని వెతికాం. ఆ రాత్రి ఫోను చేసి, "మస్తు జనం తాతా, ఎవరూ మాట్లాడుతలేరు" అని చెప్పింది. గొంతు నీరసంగా ఉన్నది. రాణి పోయినందుకు ఊరంతా దిగులుగా ఉంటే పిల్లకూ అంటుకున్నదేమో అనుకున్నాం.

రోజూ సంగతులు బాగానే చెప్పేది. కోట చల్లారిన అగ్నిపర్వతపు రాతి మీద కట్టారట. విశ్వవిద్యాలయానికి 1582లో పత్రం ఇచ్చి, 1583లో పాఠాలు మొదలుపెట్టారట, అంటే మన చార్మినార్ కంటే పెద్దది. కోట మీది నుంచి ఆదివారం తప్ప రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫిరంగి పేలుస్తారు. 1861 నుంచీ ఓడలవాళ్ళు గడియారాలు సరిచేసుకునేందుకు పెట్టిన ఏర్పాటది. మొదటిసారి విన్నప్పుడు గనిలో బ్లాస్టింగ్ అనుకుని చెవులు మూసుకున్నదట. స్టేషను పక్కనున్న పెద్ద హోటలు గడియారాన్ని, రైలు తప్పిపోకుండా, కావాలనే 3 నిమిషాలు ముందు పెడతారట. ఇది నాకు బాగా నచ్చింది. మా తాలూకా కచ్చేరీలో హాజరు పట్టీ దగ్గరి గడియారాన్ని కూడా ఒక సూపరింటెండెంటు గారు ముందుకు తిప్పేవారు. ఆయన ఉద్దేశం వేరే అనుకోండి.

14న మా ఆవిడ "లండను పోతున్నోళ్ళెవరో ఉన్నారట, తొక్కు పంపుత, అడ్రసు చెప్పు" అంది. పిల్ల చెప్పింది, నేను రాసుకున్నాను. రాసుకుంటుంటే చెయ్యి ఆగింది.

మిత్రులారా, నేను సర్వీసులో 9 ఏళ్ళు డిస్పాచ్ సీటు చూసినవాణ్ణి. మనిషి ముఖం మరిచిపోతానేమోగానీ చిరునామా మరిచిపోను. పిల్ల బయలుదేరక ముందు నా డైరీలో రాసుకున్న గది చిరునామాలో పిన్‌కోడ్ ఇ.హెచ్. 9. ఇప్పుడు చెప్పింది ఇ.హెచ్. 6. మొదటిది మార్చ్‌మాంట్ అనే పేట. రెండోది లీత్, రేవు వైపు.

మర్నాడు మా ఆవిడ గుడికి పోయినప్పుడు నేనే ఫోను చేశాను.

"బిడ్డా, నీకు అక్కడ రెండు ఇండ్లున్నాయా?"

జవాబు లేదు.

"తొమ్మిది నుంచి ఆరుకు ఎప్పుడు మారినవు?"

"నాన్నకు చెప్పకు తాతా" అని ఏడ్చింది.

జరిగింది ఇది. ఆగస్టులో ఇంటర్నెట్‌లో ఒక గది చూసుకున్నది. యజమానినన్నవాడు తాను వేరే దేశంలో ఉన్నాననీ, అడ్వాన్సు పంపితే తాళంచెవి పంపే ఏర్పాటు చేస్తాననీ రాశాడు. 640 పౌండ్లు, అంటే మన 59 వేలు, కట్టింది. 10న రెండు పెట్టెలతో టాక్సీ దిగి తలుపు కొడితే, ఆ ఇంట్లో ఎన్నో ఏళ్ళుగా కాపురముంటున్న ముసలి దంపతులున్నారు. "ఇట్లా వచ్చిన మూడో పిల్లవు నువ్వు" అన్నదట ఆ ముసలమ్మ. లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది. రాణిని చూడడానికి వచ్చే జనంతో ఊళ్ళో హోటళ్ళు నిండిపోయాయి. తన కాలేజీలో చదివిన సీనియర్ అమ్మాయి నంబరు వెతికి ఫోను చేస్తే, ఆ అమ్మాయి వచ్చి లీత్‌లో తాముండే చోటుకు తీసుకుపోయింది. రెండు గదులు, అప్పటికే నలుగురు. మా పిల్ల ఐదోది. కింద పరుచుకోవడానికి మా ఆవిడ కుట్టిన బొంత.

ఇంతవరకు విని నేను కోప్పడబోయాను. "ఇంత చదువుకున్నవు, చూసుకోవద్దా" అనే మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది. ఆ అగ్రిమెంటు కాగితం డబ్బు కట్టకముందు పిల్ల నాకే తెచ్చి చూపించింది. నేను కళ్ళద్దాలు పెట్టుకుని చదివాను. ఇంటి నంబరుంది, తేదీ ఉంది, సంతకం ఉంది, కింద ముద్ర కూడా ఉంది. "సక్రమంగ ఉంది బిడ్డా, కట్టు" అన్నది నేను. 34 ఏళ్ళు కాగితాలు సరిచూసి పంపినవాణ్ణి, దొంగ కాగితం పాస్ చేశాను.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"నువ్వు చూసి మంచిగుందన్నవు గద తాతా" అన్నది. ఇంకేమీ అనలేదు. తిడతానని కాదు, నేను బాధపడతానని ఐదు రోజులు దాచింది.

ఆ సాయంత్రం నా కొడుక్కి నేనే చెప్పాను, తప్పు నాది అన్న ముక్కతో సహా. వాడు కాసేపు మాట్లాడలేదు. తరవాత "డబ్బు సంగతి తరవాత చూద్దాం, ముందు గది చూడాలె" అన్నాడు.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి. స్కాట్లండులో ఇల్లు అద్దెకిచ్చే ప్రతి యజమానీ ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఆ రిజిస్టరు, మన పహాణీలాగా, ఎవరైనా చూడవచ్చు. వికారాబాద్‌లో కూర్చుని కూడా చూడవచ్చు. పక్కింటి కుర్రవాడితో తెరిపించి చూశాను. మా కాగితంలో ఉన్న పేరు అందులో లేదు. పది నిమిషాల పని, ఆగస్టులో చేయలేదు. అడ్వాన్సు కూడా అక్కడ రెండు నెలల అద్దెకు మించి అడగరాదు, పుచ్చుకున్నది 30 పనిదినాల్లో గుర్తింపు పొందిన డిపాజిట్ సంస్థలో జమ చేయాలి. పోయిన 640 పౌండ్ల మీద పోలీసులకు ఫిర్యాదు ఇచ్చింది. తిరిగి రాలేదు.

గదుల వేట ఇంకో మూడు వారాలు నడిచింది. ఎక్కడికి పోయినా జామీను ఎవరని అడిగేవాళ్ళు. "మా తాత ఉన్నాడు, పింఛనొస్తది" అని చెప్పిందట. ఆ దేశంలో ఉండేవాడు కావాలి, లేదా 6 నెలల అద్దె ముందే కట్టాలి అన్నారు. మన సర్వీసులో ఎందరికి జామీను సంతకాలు పెట్టామో, ఆ సంతకం సముద్రం దాటితే చెల్లలేదు. సొంత చిరునామా లేకపోతే బ్యాంకు ఖాతా తెరవడమూ కష్టమే. ఒకటి లేకపోతే రెండోది రాదు, రెండోది లేకపోతే మూడోది రాదు. ఈ బాధ మనకు కొత్త కాదు, కౌంటరుకు ఇవతల మన మనవరాలు నిలబడ్డప్పుడే తెలుస్తుంది. దేశంలో దిగిన 10 రోజుల్లో తీసుకోవలసిన గుర్తింపు కార్డు మాత్రం అందింది. ఆ కార్డుల పద్ధతి 2024 చివరితో పోయి, ఇప్పుడంతా కంప్యూటర్లోనే అంటున్నారు. అక్కడ 22 ఏళ్ళు నిండనివాళ్ళకు బస్సు ఉచితం. మా పిల్లకు నిండి రెండు నెలలు. ఇక్కడ ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యేసరికి 2023 డిసెంబరు వచ్చింది. అట్లా రెండు చోట్లా టికెట్టు కొన్నది.

19న రాణి అంత్యక్రియలకు దేశమంతా సెలవిచ్చారు. ఆ వారంలోనే తరగతులు మొదలయ్యాయి. మొదటి ఆదివారం తోటి విద్యార్థులతో ఆర్థర్స్ సీట్ అనే గుట్ట ఎక్కింది. 251 మీటర్లు, అదీ చల్లారిన అగ్నిపర్వతమే. దాని పక్కనే హట్టన్ పరిశీలించిన సాలిస్‌బరీ క్రాగ్స్ అనే రాతి చరియ. పొరలు పొరలుగా పేరుకున్న రాయిలోకి, కింద నుంచి కరిగిన రాయి చొచ్చుకొచ్చి గడ్డకట్టిన చోటు అది. అక్కడి నుంచి వీడియో ఫోను చేసి, రాయికి దగ్గరగా పెట్టి చూపించింది. కింది పొరను మేము గుర్తుపట్టాం. "మన పెరటి గోడ లెక్కనే ఉంది" అంది మా ఆవిడ. "ఇవి నీళ్ళ అడుగున మెల్లమెల్లగ పేరుకున్న పొరలు నానమ్మా, మన బండ కూడ అట్లనే" అని పిల్ల చెబుతూ ఉంటే, ఆ పక్షంలో మొదటిసారి దాని గొంతు మామూలుగా వినబడ్డది. మా ఆవిడకు అప్పటికింకా గది సంగతి తెలియదు. తెలిసింది దీపావళికి. నన్ను రెండు రోజులు పలకరించలేదు.

అక్టోబరు మొదటి వారంలో విశ్వవిద్యాలయంవారి వసతి జాబితాలో ఒక ఖాళీ వచ్చి గది దొరికింది. లీత్ విడిచి వెళ్ళే ముందు రోజు రాత్రి కందిపప్పులో సగం ఆ నలుగురు పిల్లలకూ ఇచ్చి, మిగిలిన దాంట్లోంచి ఒక పొట్లం కట్టి మార్చ్‌మాంట్ ముసలమ్మకు ఇచ్చి వచ్చిందట. ఆవిడ దాంతో ఏం వండుకున్నదో మాకు తెలియదు.

నేను పిల్లను ఒకటే అడిగాను. "ఫోనులో కాదు, నాకొక కార్డు ముక్క పోస్టులో వెయ్యి" అని. అక్టోబరు చివరలో వచ్చింది. కోట బొమ్మ, వెనక నాలుగు ముక్కలు. అలవాటు కొద్దీ ముందు ముద్ర మీద తేదీ చూశాను, తరవాత పంపినవారి చిరునామా చూశాను. పెద్ద అక్షరాల్లో, ఇంటి నంబరు నుంచి పిన్‌కోడ్ దాకా, విడివిడిగా రాసింది. దాని కింద "రిజిస్టర్ల చూసుకో తాతా, ఇది అసలుదే" అని ఉన్నది.