పేరు కొట్టివేయుటకు ముందు



స్నాతకోత్సవ వక్తలు శిఖరములను గూర్చి ప్రసంగించుట ఆచారము. నాకు గుమాస్తాల బల్లలే ఎక్కువ పరిచితములు. పట్టభద్రులగు మీలో పలువురు ఈ హోసూరు సిప్కాట్ కర్మాగారములందో, సరిహద్దు దాటి బెంగళూరు కార్యాలయములందో కుదురుకొని, కొంతకాలమునకు ఇతరుల ఉద్యోగముల లెక్క తేల్చు స్థానమునకు చేరుదురు గనుక, ఆ లెక్కను గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

2019 అక్టోబరులో కేంద్రప్రభుత్వము తన టెలిఫోను సంస్థయగు భారత్ సంచార్ నిగమ్ (బి.ఎస్.ఎన్.ఎల్.) పునరుద్ధరణకు పూనుకొని, 50 ఏండ్లు నిండినవారికి స్వచ్ఛంద పదవీవిరమణ పథకమును ప్రకటింపగా, సుమారు లక్షన్నర సిబ్బందిలో 78,000కు పైబడినవారు 2020 జనవరి 31న ఒక్కనాడే కొలువు వీడిరి. రాబడిలో నూటికి 75 వంతులు జీతములకే పోవుచున్నవని ప్రభుత్వము చెప్పినది; అట్టి భారముతో ఏ సంస్థయు చిరకాలము నిలువజాలదనుట నిజమే. అయినను పోటీ సంస్థలు 4జి సేవలతో ఊరూర అల్లుకొనిన యేండ్లు గడచిన పిమ్మట గాని, ఈ సంస్థకు ఆ సేవలకు వలయు తరంగములను కేటాయింపవలెనను నిర్ణయము వెలువడలేదు. ఆ జాప్యమున గుమాస్తాకు పాలు లేదు. ఫలమున మాత్రము నిండుగా దక్కినది. ఇష్టపడి వెళ్లినవారును కలరు, 2019లో జీతములు ఆలస్యమగుట చూచి బెదరి వెళ్లినవారును కలరు.

హోసూరు, కృష్ణగిరి వంటి సీమలో ఆ సంస్థ కౌంటరు వెనుక కూర్చున్నవాడు, డెంకణికోట గులాబితోటల రైతు తెలుగున మొరపెట్టుకొనగా తెలుగుననే ఊరడించి, కన్నడిగుని సందేహము కన్నడమున తీర్చి, అర్జీని తమిళమున వ్రాసికొనును. జీతపు పట్టీలో ఈ విద్యకు గడి లేదు. అంతకన్న విచిత్రమేమనగా, ఆ పునరుద్ధరణ ప్రణాళికలోనే సంస్థ స్థలములనుండి ధనము రాబట్టవలెనని గలదు. ఏ స్థలము దస్త్రము ఏ బీరువాలో ఏ వివాదముతో ముడిపడి యున్నదో ఎరిగిన వృద్ధ గుమాస్తాను ముందుగా ఇంటికి పంపి, పిదప ఆ దస్త్రమునకై వెదకు సంస్థను పొదుపరియని ఎట్లందుము?

మీ చేతికి కొలువునుండి తొలగింపవలసినవారి జాబితా వచ్చిననాడు, అందలి గుమాస్తా బల్లకడ ఒక పనిదినమంతయు కూర్చుండుడు. అతడు పోయిన పిమ్మట ఆ పని యెవరు చేయుదురో జాబితా ప్రక్కనే వ్రాయుడు. కాంట్రాక్టు కూలి చేయునని వ్రాసినచో, అతని కూలి యెవరు, ఏ తేదీన చెల్లింతురో గూడ వ్రాసి, అటుపిమ్మటనే సంతకము పెట్టుడు. మీ తలిదండ్రులలో కొందరు ఆ జనవరిలో ఇల్లు చేరినవారే యైయుందురు. తక్కిన వివరములు వారినే అడుగవచ్చును.